లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కొనాలా? ముందు ఈ లెక్క చూడండి



వార్షిక పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే చాలు, పేరెంట్స్ మీటింగుల్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న గ్రామర్ గురించీ కాదు, హ్యాండ్‌రైటింగ్ గురించీ కాదు. "మేడమ్, టెన్త్ అయిపోతోంది కదా, ల్యాప్‌టాప్ కొనిద్దామనుకుంటున్నాం. యాభై అయిదు వేలలో ఒకటి చూశాం, లక్షా పదివేలలో ఒకటి చూశాం. రెండోదే మంచిదని అందరూ అంటున్నారు. అంత పెట్టొచ్చంటారా?" అని. అడిగేవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉన్నారు, కిరాణా కొట్టు నడిపేవాళ్లు ఉన్నారు, వ్యవసాయం చేసేవాళ్లు ఉన్నారు. జేబులు వేరైనా ప్రశ్న ఒకటే.

నేను చెప్పే జవాబు కూడా ఒకటే. టెన్త్ పూర్తయిందని కొనే ల్యాప్‌టాప్‌కు ప్రీమియం ధర పెట్టకండి. ఇంటర్ పూర్తయ్యాక, సీటు వచ్చాక, ఏ బ్రాంచో తెలిశాక అప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా ఆ అదనపు డబ్బు కొందరి విషయంలోనే గిట్టుబాటు అవుతుంది. ఎందుకో వివరంగా చెబుతాను. అంతా విన్నాక నిర్ణయం మీదే.

అదనపు డబ్బుకు ఏం వస్తుంది?

ముందుగా ప్రీమియం ల్యాప్‌టాప్‌కు దక్కాల్సిన మార్కులు దానికి వేద్దాం. వాటిలో దమ్ము లేదని నేను అనడం లేదు. మెటల్ బాడీ ఉంటుంది. బరువు తక్కువ. ఉదాహరణకు 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ 1.24 కిలోలు మాత్రమే ఉంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు రెండు కిలోలు దాటతాయి, వాటి చార్జర్ బరువు వేరు. ప్రీమియం వాటిలో బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, స్క్రీన్ కళ్లకు హాయిగా ఉంటుంది, కీబోర్డు, టచ్‌ప్యాడ్ నాణ్యంగా ఉంటాయి. కొన్నింటిలో ఫ్యాన్ శబ్దమే ఉండదు.

ఇప్పుడు ఈ జాబితాను ఇంకోసారి చూడండి. బరువు, బ్యాటరీ, బాడీ... ఇవన్నీ ల్యాప్‌టాప్‌ను రోజూ బ్యాగులో పెట్టుకుని తిరిగేవాళ్లకు, ప్లగ్ పాయింట్ దొరకని చోట గంటల తరబడి పని చేసేవాళ్లకు పనికొచ్చేవి. ఇంట్లో టేబుల్ మీద, చార్జర్ పెట్టుకుని, రోజుకు గంటో గంటన్నరో వాడే పిల్లవాడికి వీటిలో ఉపయోగపడేవి తక్కువ. హైస్కూల్లో మేం ఇచ్చే పని ఏమిటి? ప్రాజెక్ట్ రిపోర్ట్, ప్రజెంటేషన్, చిన్న చిన్న పైథాన్ ప్రోగ్రాములు, వీడియో పాఠాలు. వీటిలో ఏ ఒక్కదానికీ లక్ష రూపాయల యంత్రం అవసరం లేదు.

నేను ఇంగ్లిష్ చెబుతాను. పిల్లలు టైప్ చేసి పంపిన ఎస్సే చూసి, అది ఏ ల్యాప్‌టాప్‌లో టైప్ చేశారో నేను చెప్పలేను. సొంతంగా రాశారా, ఎక్కడి నుంచో తెచ్చి అతికించారా అన్నది మాత్రం రెండో పేరాకే తెలిసిపోతుంది.

అలాగని మరీ చవకది వద్దు

నా మాట విని కొందరు ఇరవై, పాతికవేలలో దొరికే వాటివైపు వెళ్తారు. అదీ నష్టమే. ఆ ధరలో సాధారణంగా 4 జీబీ ర్యామ్, 64 లేదా 128 జీబీ స్టోరేజ్, బలహీనమైన ప్రాసెసర్ ఉంటాయి. విండోస్ 11 నడవాలంటే మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస అర్హతే 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. అంటే అది 35 మార్కులతో పాసైన ల్యాప్‌టాప్ అన్నమాట. కొన్న ఆరు నెలలకే అప్‌డేట్లకు చోటు చాలదు. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆగిపోతుంది. పిల్లలు విసుగొచ్చి మళ్లీ ఫోన్ పట్టుకుంటారు.

కాబట్టి నా వాదన చవకది కొనమని కాదు. డబ్బు ఎక్కడ పెట్టాలో చూసి పెట్టమని. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఈ ఒకటి రెండేళ్లలో వచ్చిన ఐ5 లేదా రైజెన్ 5 స్థాయి ప్రాసెసర్, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ స్క్రీన్. ఈ నాలుగూ ఉన్న మధ్యస్థాయి ల్యాప్‌టాప్ చాలామంది విద్యార్థులకు నాలుగేళ్లపాటు నిశ్చింతగా సరిపోతుంది. ఐ7 అనే అంకె చూసి మురిసిపోవద్దు. ఐదారేళ్ల కిందటి ఐ7 కంటే ఈనాటి ఐ5 వేగంగా ఉండడం మామూలే. అంకె కన్నా అది ఏ తరం ప్రాసెసర్ అన్నదే ముఖ్యం.

బడ్జెట్ ఇంకా తక్కువైతే మరో దారి ఉంది. కంపెనీల్లో మూడేళ్లు వాడి మార్చేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతుంటారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో ఇవి దొరుకుతాయి. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకని ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్నదే, అంటే విండోస్ 11కు అర్హత ఉన్నదే తీసుకోండి. బిల్లు, వారంటీ రాసివ్వని చోట కొనవద్దు.

టెన్త్ తర్వాతి రెండేళ్లు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో టెన్త్ తర్వాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. చాలామంది పిల్లలు ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీల్లో చేరతారు. అక్కడ ఫోన్‌కే అనుమతి ఉండదు, ఇక ల్యాప్‌టాప్ మాట ఎందుకు? డే స్కాలర్‌గా చేరినా పొద్దున వెళ్లి రాత్రికి వస్తారు. మే నెలలో ముచ్చటపడి కొన్న లక్షా పదివేల ల్యాప్‌టాప్ జూన్ కల్లా బీరువా ఎక్కుతుంది. దసరా సెలవులకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి బయటికొస్తుంది.

బీరువాలో ఉన్నంత మాత్రాన అది కొత్తగా ఉండదు. చాలా ల్యాప్‌టాప్‌లకు కంపెనీ ఇచ్చే వారంటీ ఒక ఏడాదే. అది బీరువాలోనే అయిపోతుంది. లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడుతూనే ఉంటుంది. నెలల తరబడి చార్జింగ్ లేకుండా వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతుంది. పిల్లవాడు బీటెక్‌లో చేరి దాన్ని నిజంగా వాడే రోజు వచ్చేసరికి అది రెండేళ్ల పాతది. ఈలోగా అదే ధరకు మార్కెట్లో మెరుగైనది వచ్చి ఉండొచ్చు.

"జేఈఈకి, ఎంసెట్‌కి ప్రాక్టీస్ చేసుకుంటాడు కదా" అని కొందరు అంటారు. జేఈఈ మెయిన్, రెండు రాష్ట్రాల ఈఏపీసెట్ కంప్యూటర్ మీద రాసే పరీక్షలే. కానీ రాసేది పరీక్షా కేంద్రంలోని డెస్క్‌టాప్ మీద, మౌస్ పట్టుకుని. జేఈఈ మెయిన్‌లో అంకెల జవాబులు కూడా తెర మీద కనిపించే కీప్యాడ్‌ను మౌస్‌తో నొక్కే ఇవ్వాలి. ఆ అలవాటు కోసమైతే ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు ఒక మౌస్ తగిలిస్తే చాలు. ఖరీదైన టచ్‌ప్యాడ్ మీద చేసిన ప్రాక్టీస్ ఆ రోజు అక్కరకు రాదు.

బ్రాంచ్ తెలియకుండా బ్రాండ్ ఎందుకు?

వేచి ఉండమనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. ఏ కోర్సులో చేరతారో తెలియకుండా మంచి ల్యాప్‌టాప్ ఏదో చెప్పడం కుదరదు. మెకానికల్ వాళ్లు వాడే సాలిడ్‌వర్క్స్, సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లు వాడే రెవిట్ మ్యాక్ కోసం తయారైనవి కావు, వాటికి విండోస్ కావాలి. ఎలక్ట్రానిక్స్‌లో వాడే వివాడో సాఫ్ట్‌వేర్ విండోస్, లినక్స్‌లకే ఉంది. బీకామ్ పిల్లలకు తప్పనిసరి అయిన ట్యాలీ కూడా విండోస్ మీదే నడుస్తుంది. టెన్త్ అవగానే మోజుపడి మ్యాక్‌బుక్ కొన్న ఇంట్లో అబ్బాయికి మెకానికల్ సీటు వచ్చిందనుకోండి, రెండో ల్యాప్‌టాప్ ఖర్చు నెత్తిన పడుతుంది.

మరి అదనపు డబ్బు ఎవరికి గిట్టుబాటు? నా ఉద్దేశంలో వీళ్లకు: కంప్యూటర్ సైన్స్‌లో చేరి రోజూ ల్యాప్‌టాప్ మోసుకెళ్లి ఐదారు గంటలు కోడ్ రాసే విద్యార్థికి. డిజైన్, వీడియో ఎడిటింగ్ చదివేవాళ్లకు, ఎందుకంటే రంగులు సరిగ్గా చూపించే స్క్రీన్ వాళ్లకు పనిముట్టు. హాస్టల్ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి లైబ్రరీకి రోజంతా తిరుగుతూ చదువుకునేవాళ్లకు. వీళ్లకు తక్కువ బరువు, ఎక్కువ బ్యాటరీ విలాసం కాదు. అలాంటి అమ్మాయికో అబ్బాయికో మీ తాహతులో ఉంటే ప్రీమియం కొనిస్తామంటే నేను కాదనను.

అప్పటిదాకా ఆగితే ఇంకో లాభం కూడా ఉంది. ఆపిల్‌తో సహా కొన్ని కంపెనీలు కాలేజీ విద్యార్థులకు విడిగా తగ్గింపు ధర ఇస్తాయి. అడ్మిషన్ చేతిలో ఉన్నాక కొంటే ఆ తగ్గింపు అడిగే హక్కు మీకు ఉంటుంది.

కాగితం మీద లెక్క వేద్దాం

"ప్రీమియం అయితే ఎక్కువ ఏళ్లు వస్తుంది, చివరికి అదే చవక" అనే మాట షాపులో వింటాం. సరే, లెక్క వేద్దాం. 55,000 రూపాయల ల్యాప్‌టాప్ నాలుగేళ్లు వచ్చిందనుకుంటే ఏడాదికి 13,750 పడింది. 1,10,000 రూపాయలది ఆరేళ్లు వచ్చిందనుకుంటే ఏడాదికి 18,333. రెండూ సమానం కావాలంటే ఖరీదైనది ఎనిమిదేళ్లు రావాలి. టెన్త్ అవగానే కొని, ఆరేళ్లలో రెండేళ్లు బీరువాలో పెడితే, నిజంగా వాడుకున్న ఏడాదికి పడేది 27,500. అంటే మొదటిదానికి సరిగ్గా రెట్టింపు.

తిరిగి అమ్మేటప్పుడు ప్రీమియం దానికి ఎక్కువ ధర పలుకుతుంది, నిజమే. అప్పుడు ఈ తేడా తగ్గుతుంది. కానీ అది ఆరేళ్లపాటు కింద పడకుండా, నీళ్లు పడకుండా, పోకుండా ఉంటేనే. స్క్రీన్ పగిలినా, టీ ఒలికినా మామూలు వారంటీ వర్తించదు, ప్రమాదాలకు విడిగా ప్లాన్ కొనుక్కోవాలి. ఖరీదైన దాని రిపేరు కూడా ఖరీదే. హాస్టల్ గదిలో నలుగురి మధ్య ఉండే వస్తువు ఇది అని గుర్తుపెట్టుకోండి.

ఈఎంఐ గురించి ఒక మాట. 1,10,000ను పన్నెండు నెలలకు విడగొడితే నెలకు తొమ్మిది వేల పైచిలుకు. "నో కాస్ట్" అని రాసి ఉన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ బిల్లులో కలిసే అవకాశం ఉంది. వాయిదాల్లో చూస్తే ఏ వస్తువైనా చిన్నదిగానే కనిపిస్తుంది. మొత్తం ఎంత కడుతున్నామో కూడి చూసుకుని సంతకం పెట్టండి.

మిగిలిన 55,000తో ఏం చేయొచ్చు? సరైన ఎత్తులో ఒక టేబుల్, నడుం నొప్పి రాని కుర్చీ, ఒక పెద్ద మానిటర్, ల్యాప్‌టాప్‌కు మూడేళ్ల వారంటీ. ఇవన్నీ కొన్నా ఇంకా మిగులుతుంది. ఆ మిగిలింది బీటెక్ మొదటి ఏడాది ఫీజుకు వేసుకోండి.

ల్యాప్‌టాప్‌తో పాటు ఇంటికొచ్చే మాట

ఇప్పటివరకు చెప్పింది డబ్బు లెక్క. టీచర్‌గా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటి. తాహతుకు మించి కొన్న వస్తువుతో పాటు ఒక మాట కూడా ఇంటికొస్తుంది: "లక్ష పోసి కొనిచ్చాం, మార్కులేవి?" మొదటి యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గగానే ఆ మాట బయటికొస్తుంది. తర్వాత ప్రతి పరీక్షకూ వస్తుంది. అప్పటి నుంచి అది పిల్లల కళ్లకు చదువుకునే పరికరంలా కనిపించదు, తీర్చాల్సిన బాకీలా కనిపిస్తుంది. ఆ బాకీ మోస్తున్న పిల్లలు క్లాసులో డౌట్ అడగడానికి కూడా జంకుతారు. ఇంత ఖర్చు పెట్టించి ఇంకా అర్థం కాలేదని ఎలా ఒప్పుకుంటారు చెప్పండి?

ల్యాప్‌టాప్ వల్ల మార్కులు పెరగవు. చదవడం వల్ల పెరుగుతాయి. ఈ రెండింటికీ ముడిపెట్టి కొనవద్దని నా విన్నపం. ర్యాంకు వస్తే మ్యాక్‌బుక్ అనే పందెం కూడా వద్దు. ర్యాంకు రాకపోతే ఆ పిల్లవాడికి రెండు ఓటములు.

"మా ఫ్రెండ్స్ అందరి దగ్గరా ఉంది" అనే మాట మీ ఇంట్లో కూడా వినిపించే ఉంటుంది. ఆ "అందరూ" ఎంతమందో పేర్లతో చెప్పమని నవ్వుతూ అడిగి చూడండి. తరచూ ఇద్దరి దగ్గరే ఆగిపోతుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అన్నారు పెద్దలు. పక్కింటివాళ్ల ఆదాయం వేరు, మన ఆదాయం వేరు అన్న సంగతి పద్నాలుగేళ్ల పిల్లలకు అర్థమవుతుంది. మనం సిగ్గుపడకుండా చెప్పాలి, అంతే. ఇంటి బడ్జెట్‌ను వాళ్ల ముందు పెట్టి మాట్లాడితే వాళ్లే మనకంటే జాగ్రత్తగా లెక్క వేస్తారు.

ఇంకో విషయం, కాస్త మొహమాటంగానే రాస్తున్నాను. కొన్ని ఇళ్లలో అబ్బాయికి కొత్త ప్రీమియం ల్యాప్‌టాప్ వస్తుంది, అమ్మాయికి అన్నయ్య వాడి వదిలేసినది వస్తుంది. లేదా అమ్మ ఫోనే గతి. ఒకరికి లక్షా పదివేలు పెట్టే బదులు అదే డబ్బుతో ఇద్దరికీ చెరొక మంచి ల్యాప్‌టాప్ వస్తుంది. ప్రీమియంలో ఉండే ఏ హంగూ ఈ న్యాయానికి సాటి రాదని నా నమ్మకం.

కొనే ముందు ఈ ప్రశ్నలు అడగండి

1. ఈ ల్యాప్‌టాప్ రోజుకు ఎన్ని గంటలు, ఎక్కడ వాడతారు? ఇంట్లోనే అయితే బరువుకు, బ్యాటరీకి అదనపు డబ్బు ఎందుకు?

2. ఏ కోర్సు, ఏ సాఫ్ట్‌వేర్? కాలేజీ సీనియర్లనో, లెక్చరర్‌నో అడిగి తెలుసుకున్నారా?

3. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా? మ్యాక్‌బుక్‌లలో, చాలా సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. 2024 అక్టోబర్‌కు ముందు మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రారంభ మోడళ్లు 8 జీబీతోనే వచ్చేవి. ఆఫర్లో పాత స్టాక్ కొంటుంటే ఇది తప్పక చూడండి.

4. మీ ఊళ్లోనో, దగ్గరి పట్టణంలోనో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా?

5. అమెరికా నుంచి బాబాయో, అక్కో తెస్తామంటున్నారా? ఆ మోడల్‌కు ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కొనకముందే అడిగించండి.

6. ఈ డబ్బు వల్ల ఇంట్లో ఇంకెవరి అవసరమైనా వాయిదా పడుతోందా?

ఆరో ప్రశ్నకు "అవును" అనే జవాబు వస్తే, మధ్యస్థాయి ల్యాప్‌టాప్ చాలు. మిగతా ఐదింటికీ సూటిగా జవాబు చెప్పగలిగి, డబ్బుకు ఇబ్బంది లేకపోతే నచ్చినది కొనుక్కోండి. ఏది కొన్నా మొదటి నెల ల్యాప్‌టాప్‌ను హాల్లో, అందరూ తిరిగే చోట పెట్టండి. పది వేళ్లతో టైప్ చేయడం, ఫైళ్లను పేర్లు పెట్టి దాచుకోవడం నేర్పించండి. వాటికి ఖర్చేమీ లేదు, ఏ ల్యాప్‌టాప్ మీదైనా వస్తాయి.

ఈ వ్యాసంతో మీరు ఏకీభవించకపోతే పిల్లల డైరీలో రెండు ముక్కలు రాసి పంపండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మాట్లాడుకుందాం.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్,
హైస్కూల్ విభాగం